చూపు రోడ్డు మీద, వేలు బటన్ మీద

మా తుని చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా ముందు తలుపులమ్మ లోవకి తీసుకెళ్ళాల్సిందే. బైక్ అయినా, ఆటో అయినా, పది చక్రాల లారీ అయినా అంతే. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. పూజ అయ్యాక చుట్టాలంతా కారు చుట్టూ మూగుతారు. ఒకప్పుడు మొదటి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తుందేంటి?" ఇప్పుడు "స్క్రీన్ ఎన్ని అంగుళాలు?"

ఎనిమిదంటే "బాగుంది". పది దాటితే "అబ్బో!" ఇక స్క్రీన్ తప్ప ఒక్క బటన్ కూడా లేదంటే, ఆ కారు ఏ విమానానికో తమ్ముడన్నట్టు చూస్తారు. నిజానికి విమానం కాక్‌పిట్ ఫొటో ఎప్పుడైనా చూడండి. స్క్రీన్లు ఉంటాయి, వాటి చుట్టూ బోలెడన్ని స్విచ్‌లూ నాబ్‌లూ కూడా ఉంటాయి.

టచ్‌స్క్రీన్ మీద నాకేం కోపం లేదండి. ఈ కాలమ్ మీరు చదువుతున్నదే దాని మీద. కానీ ఫోన్ చూసేటప్పుడు మీ కళ్ళు ఫోన్ మీదే ఉంటాయి. కారు నడిపేటప్పుడు కళ్ళకి వేరే డ్యూటీ ఉంది. పేచీ అంతా అక్కడే.

కొంచెం లెక్క చూద్దాం. 80 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఏసీ తగ్గించడానికి మూడు సెకన్లు కిందికి చూశారంటే 66 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. తుని నుంచి అన్నవరం వైపు హైవే మీద 66 మీటర్లలో ఎన్ని జరగొచ్చో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు, ఇండికేటర్ వేయకుండా తిరిగే ఆటో, మామిడికాయల సీజన్లో పక్కన ఆగిన వ్యాను, ఎవరి మాటా వినని గేదె.

నాబ్ అయితే ఏం మారుతుంది? చెయ్యి దాన్ని తడిమి పట్టుకుంటుంది. రెండు క్లిక్కులు తిప్పితే రెండు పాయింట్లు తగ్గాయని వేలికే తెలిసిపోతుంది. గాజుకి అలాంటి గుర్తులేం ఉండవు. ఎక్కడ ముట్టుకున్నా ఒకేలా ఉంటుంది కాబట్టి వేలు ఎటు వెళ్ళాలో కళ్ళే దారి చూపించాలి. గతుకుల్లో వేలు కాస్త జారితే ఏసీ బదులు పాట మారుతుంది. అప్పుడు మళ్ళీ చూడాలి, మళ్ళీ నొక్కాలి.

దీన్ని కొలిచినవాళ్ళూ ఉన్నారు. 2022లో స్వీడన్‌లోని 'వి బిలేగరే' అనే కార్ల పత్రిక ఒక పరీక్ష పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ ఏసీ, రేడియో లాంటి నాలుగు పనులు చెయ్యాలి. డ్రైవర్లకి ముందే కారు అలవాటు చేసుకునే టైమ్ ఇచ్చారు. టచ్‌స్క్రీన్ లేని 2005 నాటి వోల్వో వి70లో ఆ పనులు 10 సెకన్లలో అయిపోయాయి, ఈలోగా కారు 306 మీటర్లు వెళ్ళింది. అన్నిటికన్నా వెనకబడింది ఎంజీ మార్వెల్ ఆర్. దానికి 44.6 సెకన్లు పట్టింది. కారు 1,372 మీటర్లు వెళ్ళిపోయింది. అంటే కిలోమీటరు పైనే! పదిహేడేళ్ళ ముసలి కారు కొత్త కార్లన్నిటికీ పాఠం చెప్పింది.

వానలో సంగతి ఇంకా సీరియస్. జర్మనీలో ఒకాయన 2019లో జోరువానలో టెస్లా నడుపుతూ వైపర్ల వేగం మార్చడానికి స్క్రీన్ మీదికి చూశాడు. కారు రోడ్డు దిగి చెట్లని గుద్దింది. కేసు కార్ల్స్‌రూహే కోర్టు దాకా వెళ్ళింది. కారుతో వచ్చిన స్క్రీన్ అయినా ఫోన్‌కి వర్తించే రూలే దీనికీ వర్తిస్తుందని 2020లో కోర్టు చెప్పేసింది. 200 యూరోల ఫైను, నెల రోజులు డ్రైవింగ్ బంద్. మన దగ్గర కూడా నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే ప్రమాదకరమైన డ్రైవింగే అని 2019లో చట్టంలో చేర్చారు. ఆరంగుళాల ఫోన్ చేతిలో ఉంటే నేరం, పన్నెండు అంగుళాల స్క్రీన్ డాష్‌బోర్డులో ఉంటే ఫీచర్! మీరే ఆలోచించండి.

సముద్రం మీద కథ ఇంకా విషాదం. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొంది. పదిమంది నావికులు చనిపోయారు. స్టీరింగ్, ఇంజన్ వేగం కంట్రోళ్ళు టచ్‌స్క్రీన్ మీద ఉన్నాయి. వాటిని ఒక సీటు నుంచి ఇంకో సీటుకి మార్చే గందరగోళంలో స్టీరింగ్ పోయిందనుకున్నారు. వేగం తగ్గించబోతే రెండు ప్రొపెల్లర్లలో ఒకదానిదే తగ్గింది, ఓడ పక్కకి తిరిగిపోయింది. సరిపడా ట్రైనింగ్ లేకపోవడం కూడా కారణమే. కానీ 2019లో అమెరికా నేవీ ఆ రకం ఓడల్లో టచ్ కంట్రోళ్ళు తీసేసి, చేత్తో పట్టుకుని తోసే పాత రకం థ్రాటిల్స్ పెడతామని ప్రకటించింది.

అంత దూరం ఎందుకు, మన తుని స్టేషన్ మీదుగా పోయే రైళ్ళనే తీసుకోండి. ఇంజన్లో లోకో పైలట్ సుమారు నిమిషం పాటు ఏ కంట్రోలూ కదపకపోతే ముందు లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది. అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. ఆ బటన్ నొక్కడానికి పట్టాల మీంచి చూపు తిప్పక్కర్లేదు.

2024 మే 13న మీలో చాలామంది మొదటిసారి ఓటేసి ఉంటారు. అప్పుడు మీ వేలు నొక్కింది ఏంటి? నీలం రంగు బటన్. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ ఈ ఓటింగ్ మిషన్లు తయారుచేస్తాయి. నొక్కితే ఎర్రలైటు, బీప్ శబ్దం. పక్కనే బ్రెయిలీ అంకెలు ఉంటాయి కాబట్టి చూపు లేనివాళ్ళూ తడిమి వేయగలరు. జీవితంలో స్మార్ట్‌ఫోన్ ముట్టని మామ్మగారికి కూడా అది ఎలా నొక్కాలో ఒక్కసారి చెబితే చాలు.

ఇంత తెలిసీ కార్లలో బటన్లు ఎందుకు తీసేశారంటే, డబ్బు. ఒక్కో బటన్‌కీ అచ్చు కావాలి, వైరు కావాలి, బిగించే మనిషి కావాలి. ఒక స్క్రీన్ పెట్టేస్తే మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పైగా షోరూములో ధగధగా మెరుస్తుంది. 2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల స్క్రీన్‌తో వచ్చాక అందరూ అదే దారి పట్టారు. ఖర్చు తగ్గింది కంపెనీకి, "లగ్జరీ" అని ఎక్కువ కట్టింది మనం.

ఇప్పుడు గాలి మళ్ళింది. యూరప్‌లో కార్లకి సేఫ్టీ స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్, ఇండికేటర్, హజార్డ్ లైటు, హారన్, వైపర్, ఎమర్జెన్సీ కాల్ అనే ఐదింటికి విడి స్విచ్‌లు లేకపోతే మార్కులు తగ్గించేలా 2026 నుంచి రూల్ పెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ ముఖ్యమైన బటన్లు వెనక్కి తెస్తున్నామని చెప్పింది. అన్నిటికన్నా తమాషా ఆపిల్‌ది. 2017లో ఐఫోన్ ఎక్స్‌లో హోమ్ బటన్ తీసేసిన కంపెనీ 2023లో యాక్షన్ బటన్, 2024లో కెమెరాకో బటన్ చేర్చింది. టచ్‌స్క్రీన్‌ని జనానికి అలవాటు చేసినవాళ్ళే!

మరి స్క్రీన్ అసలొద్దా? రివర్స్ కెమెరాకి, మ్యాప్‌కి స్క్రీనే కావాలి. 2019లో పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కియా సెల్టోస్ పై మోడళ్ళలో 10.25 అంగుళాల స్క్రీన్ ఉండేది, ఏసీకి కింద విడిగా బటన్లూ ఉండేవి. రెండూ కలిసి కాపురం చెయ్యగలవు. బండి కదులుతుండగా చేసే పనికి బటన్, ఆగాక చేసే పనికి స్క్రీన్. లెక్క ఇంతే. వాయిస్ కమాండ్ ఉందిగా అంటారేమో. పక్కన లారీ హారన్, వెనక సీట్లో పిల్లల గోల మధ్య అదెంత వింటుందో చూడండి.

ఇంట్లో కారు కొనే మాట వస్తే యూట్యూబ్ రివ్యూలు చూసి చెప్పేది మీరే కదా, కాబట్టి ఈ పని మీ మీదే. షోరూములో టెస్ట్ డ్రైవ్‌కి ముందు, బండి ఆగి ఉండగానే నాన్నగారిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. సేల్స్‌మేన్‌ని ఒకసారి అన్నీ చూపించమనండి. తర్వాత కళ్ళు మూసుకుని ఐదు పనులు చెయ్యమనండి: వైపర్ వేగం పెంచడం, ముందు అద్దం మీద ఆవిరి పోగొట్టడం, ఏసీ ఫ్యాన్ తగ్గించడం, పాట సౌండ్ తగ్గించడం, హజార్డ్ లైటు వెయ్యడం. మూడు కూడా రాకపోతే వేరే మోడల్ చూడండి. ఇప్పటికే స్క్రీన్ కారు ఉంటే ఏసీ, మ్యాపు బయల్దేరకముందే పెట్టుకోండి. స్టీరింగ్ మీది బటన్లు అలవాటు చేసుకోండి. మిగతావి పక్క సీటువాళ్ళ డ్యూటీ.

సేల్స్‌మేన్ ఎలాగూ నవ్వుతూ అంటాడు, "అన్నీ స్క్రీన్‌లోనే ఉన్నాయి సార్!" అని. "అదేనండి మా భయం" అని చెప్పండి. పదిమంది అలా చెబితే ఆ మాట కంపెనీ దాకా వెళ్తుంది.