దోషం ఎవరిది?

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ తొలి దశలో ఒక అపనిందను మోసింది. కెర్నెల్‌ను కంపైల్ చేస్తుండగా "సిగ్నల్ 11" అంటూ కంపైలర్ హఠాత్తుగా ఆగిపోయేది. డాస్ నిరాటంకంగా నడిచిన యంత్రమే కనుక దోషం లినక్స్‌దేనని పలువురు తీర్పు చెప్పారు.

అది తొందరపాటు తీర్పని మా అభిప్రాయం. ప్రోగ్రాములోని తప్పు సాధారణంగా ప్రతిసారీ ఒకే చోట బయటపడుతుంది. అదే పనిని మళ్లీ చేయించినప్పుడు వేరొక చోట ఆగితే, మొదట అనుమానించవలసింది యంత్రాన్ని: ర్యామ్‌ను, క్యాష్ మెమరీని, వేడెక్కిన ప్రాసెసర్‌ను. మెమరీలో ఒక్క బిట్ తారుమారైనా చిరునామా తప్పవచ్చు. తనది కాని చోట అడుగుపెట్టిన ప్రోగ్రామును కెర్నెల్ ఆపివేస్తుంది. డాస్‌లో అట్టి కాపలా లేదు. కావలివాడు కేక వేసినందుకు అతడినే దొంగ అనడం న్యాయమా?

పరిష్కారానికి కావలసింది ఓర్పు. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చి, కంపైలేషన్‌ను పలుమార్లు జరిపి చూడాలి. ఒక్కసారి సజావుగా నడిచినంత మాత్రాన రోగం కుదిరినట్లు కాదు.

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపం: పాతబడిన యంత్రాలన్నిటినీ తుక్కుకు అమ్మక, ఒకటి రెండింటిని ప్రయోగశాలలో ఉంచండి. విప్పి చూసే స్వేచ్ఛ ఉన్నచోటనే, నింద మోపడానికి ముందు కారణం వెదికే బుద్ధి విద్యార్థికి అలవడుతుంది.