వయసు అడిగి వదిలేయకండి, సత్తువ అడగండి

పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మన తిరువళ్ళూరు, తిరుత్తణి ఇళ్ళల్లో ఏ అవ్వో బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే అందరూ అడిగే మొదటి ప్రశ్న "వయసెంత?" ఎనభై అనగానే గ్రూపులో తీర్పు వచ్చేస్తుంది: "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదు, పుత్తూరు కట్టు కట్టించి పడుకోబెట్టండి." ప్రేమతోనే చెప్తారు, కాదనం. అయినా ఆ మాట వింటే మాకు ఒళ్ళు మండుతుంది.

పుత్తూరు కట్టును కించపరచడం మా ఉద్దేశం కాదు. చెయ్యి బెణికినా, మణికట్టు విరిగినా తాతల కాలం నుంచి మనవాళ్ళు అక్కడికే పోతున్నారు. తుంటి సంగతి వేరు. అక్కడి ఎముకను పైకట్టు కదలకుండా పట్టి ఉంచలేదు. వారాల తరబడి మంచాన పడితే వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. మనిషి పోయాక "వయసైపోయింది" అంటారు. చంపింది మంచం, పేరు వయసుకు.

ఆపరేషన్‌లో ప్రమాదం లేదా? ఉంది. చేయించుకున్న పెద్దవాళ్ళలో కూడా నలుగురైదుగురిలో ఒకరు ఏడాదిలోపే పోతున్నారని చాలా దేశాల లెక్కలు. ఎవరికి ప్రమాదం ఎక్కువో వయసొక్కటే చెప్పలేదు. పడకముందు ఒంట్లో ఎంత సత్తువ ఉందో చూడాలి. దానికి కెనడాలో డాక్టర్ కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఒక కొలత ప్రకటించింది. ఇప్పుడు అందులో 1 నుంచి 9 దాకా అంకెలు. స్కాన్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. వంట, డబ్బు లెక్క, మందులు, నడక, స్నానం ఎవరి సాయంతో జరిగేవని అడగడమే. అదీ పడిన రోజు సంగతి కాదు, రెండు వారాల ముందు సంగతి.

ఆడికృత్తికకు కొండ మీది 365 మెట్లూ తానే ఎక్కే 82 ఏళ్ళ అవ్వ, స్నానానికి కూడా మనిషి సాయం కావలసిన 70 ఏళ్ళ తాత, ఇద్దరూ ఒకటేనా? వయసు చూస్తే అవ్వకే ప్రమాదం. సత్తువ చూస్తే తాతకు.

జవాబు చెప్పేది కూడా తెలిసినవాళ్ళయి ఉండాలి. ఆదివారం మద్రాసు నుంచి వచ్చిపోయే కొడుకు "అమ్మ బాగానే ఉండేది" అంటాడు. రోజూ అన్నం పెట్టే కోడలిని డాక్టరు ముందు కూర్చోబెట్టండి.

ఇంకో మాట. అంకె 7 వచ్చిందని ఇంటికి పంపేయడానికి కాదు ఈ కొలత. అది గుంపు లెక్క, ఒక మనిషి జాతకం కాదు. సత్తువ తగ్గిన ఒంటికీ నొప్పి నొప్పే. ఆపరేషన్ చేస్తే కనీసం పక్కకు తిప్పినప్పుడు కేకపెట్టే బాధ తగ్గుతుంది. అంకె పెద్దదైతే ముందే వృద్ధుల వైద్యుణ్ణి పిలవాలి, తిండి చూడాలి, మర్నాడే లేపి కూర్చోబెట్టాలి, మళ్ళీ నడక వస్తుందో రాదో ఇంట్లోవాళ్ళకు దాచకుండా చెప్పాలి. బ్రిటన్‌లో చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ అయిపోవాలన్నది నియమం. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో వృద్ధుల వైద్యం 1978లోనే మొదలైంది. గిండీలో 2024 నుంచి జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం ఉంది. పెద్ద డాక్టర్లు లేని ఊళ్ళం కాదు మనం.

అందుకే వచ్చే కమిటీ మీటింగులో మేం అడగబోయేది ఇదే: సంఘం క్యాంపులో షుగరు, బీపీలతో పాటు 65 దాటిన ప్రతి ఒక్కరికీ ఈ అంకె వేయించి, తేదీతో చీటీ రాసి ఇంటికి ఇవ్వాలి. శాలువాల ఖర్చులో పదో వంతు చాలు.