చేతికి బరువు తగిలితే చాలా?

బొమ్మల దుకాణంలో డైకాస్ట్ కారు కొనేవారు మొదట చేసే పని దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూడడం. కాస్త బరువుగా అనిపిస్తే 'అసలు మెటల్' అని తృప్తి పడతారు. రెండు వందల రూపాయల బొమ్మ మంచి చెడ్డలు తేల్చడానికి ఇంతకన్నా బలహీనమైన పరీక్ష లేదు.

ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్ బొమ్మనే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1994లో డెట్రాయిట్ మోటార్ షోలో నమూనాగా కనిపించి, ఆ దశాబ్దం చివర్లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారును పాత బీటిల్‌ను గుర్తుకు తెచ్చేలా రూపొందించారు. పోలిక పైపైనే. పాత కారుకు ఇంజిన్ వెనక ఉండేది, గాలితో చల్లబడేది. కొత్తదానికి ఇంజిన్ ముందుంది, నీటితో చల్లబడుతుంది, అడుగున ఉన్నది గోల్ఫ్ కారు నిర్మాణం. దీని పాతదనమంతా ఆకారంలోనే ఉంది. ముందు చక్రం మీద ఒక వంపు, వెనక చక్రం మీద మరొకటి, రెంటి మధ్యా విల్లులా లేచిన పైకప్పు. బొమ్మలో ఈ మూడూ కుదరకపోతే అది ఏ కారో పోల్చుకోవడం కూడా కష్టం.

ఇప్పుడు బరువు సంగతి. అసలు కారు పొడవు సుమారు 4.1 మీటర్లు, బరువు దాదాపు 1,200 కిలోలు. 1:64 బొమ్మ పొడవు 64 మిల్లీమీటర్లు ఉండాలి. బరువు మాత్రం 64 రెట్లు తగ్గితే సరిపోదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 2,62,144 రెట్లు తగ్గాలి. అంటే బొమ్మ నాలుగున్నర గ్రాములు తూగాలి! చేతిలో ఉన్నది దానికి ఎన్నో రెట్లు తూగుతుంది. కారు రేకు మందం మిల్లీమీటరు లోపే. బొమ్మ గోడ కూడా మిల్లీమీటరో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. అసలు కారుకు 64 మిల్లీమీటర్ల కవచం తొడిగినట్టన్నమాట. బరువు చెప్పేది లోహం మందాన్నే, పనితనాన్ని కాదు.

తలుపు గీతలు మోటుగా ఉన్నాయని విసుక్కోవడం కూడా న్యాయం కాదు. అసలు కారు తలుపు సందు నాలుగు మిల్లీమీటర్లనుకుంటే, బొమ్మలో అది 0.06 మిల్లీమీటర్లు. అంత సన్నని గీతను అచ్చులో తీసినా రంగు పూడ్చేస్తుంది. గీతను పెంచి తీయక తప్పదు.

తప్పు పట్టవలసింది చక్రాల దగ్గర. న్యూ బీటిల్ చక్రం టైరుతో కలిపి దాదాపు 63 సెంటీమీటర్లు, బొమ్మలో పది మిల్లీమీటర్లు. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే చక్రాన్ని పది రకాల బొమ్మలకు వాడే తయారీదారు పన్నెండు మిల్లీమీటర్లది బిగిస్తే, దాన్ని ఇమడ్చడానికి మడ్‌గార్డు వంపును సాగదీయాలి. అక్కడితో ఆకారం పోయినట్టే. స్కూలు పిల్లల స్కేలు చాలు, ఇది పట్టుకోవడానికి.

లోహం విషయం ఇంత తేలిక కాదు. ఈ బొమ్మలను సాధారణంగా నాలుగు శాతం వరకూ అల్యూమినియం కలిపిన జింక్ మిశ్రమంతో పోతపోస్తారు. 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది కనుక చవక. అందులో సీసం, తగరం, కాడ్మియం లేశమాత్రం ఎక్కువైనా, గాలిలోని తేమతో లోహపు రేణువుల అంచుల వెంట తుప్పు పాకుతుంది. కొన్నేళ్లకు బొమ్మ ఉబ్బి, నెర్రెలిచ్చి, ముక్కలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఎన్నో బొమ్మలు ఇలాగే పోయాయి. 99.99 శాతం శుద్ధ జింక్‌తో మిశ్రమం చేయడమే దీనికి విరుగుడని 1920ల చివరికే తేలింది. తుక్కు లోహం కలిపితే పాత జబ్బే తిరిగొస్తుంది. దుకాణంలో మెరిసే రంగు కింద అది కనబడదు, తూకంలోనూ తేలదు.

రంగు గురించి కూడా ఒక మాట. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. రంగులోంచి బయటికొచ్చే సీసం వంటి వాటికి ఆ ప్రమాణాల్లో పరిమితులున్నాయి. పెట్టె మీద చిన్న అక్షరాలతో 'సేకరణ కోసం, 14 ఏళ్లు పైబడినవారికి' అని రాసుకున్న నమూనాకు ఆ గుర్తు ఉండకపోవచ్చు. అదే కారు మూడేళ్ల పిల్లాడి పుట్టినరోజు కానుకగా వెళ్తుంది. వాడు దాన్ని ముందు నోట్లో పెట్టుకుంటాడు.