కాయితం చేతిలో పెడితే కాలు వంగదు

కొంచెం పెద్ద పోస్టు, ఆఖరి వరకు చదవండి.

మొన్న విశాఖలో ఒక ఆసుపత్రికి నాన్నని చూపించడానికి తీసుకెళ్తే అక్కడున్నాయన అన్నాడు: "మీ ఏజెన్సీ వాళ్లింతే. ఎక్సర్‌సైజులు చెయ్యమంటే చెయ్యరు, కాలు బిగుసుకుపోయాక వస్తారు." అప్పుడు తలొంచుకుని నిలబడ్డాను. హాస్టల్‌కి వచ్చాక కోపం వచ్చింది.

నాన్న జీలుగ చెట్టు మీంచి పడితే తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, కాదనను. డిశ్చార్జి రోజు మాత్రం ఇంగ్లీషు కాయితం ఒకటి ఇచ్చి "రోజుకి మూడుసార్లు" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అందులో ఒకటి కుర్చీలో కూర్చుని కాలు చాపడం. మా ఇంట్లో కుర్చీ లేదు. ఇంకోటి మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కడం. అది చెయ్యొచ్చు, కానీ నొప్పి. ఏ నొప్పి మామూలు, ఏ నొప్పికి ఆపాలి? ఎవరూ చెప్పలేదు. రాడ్డు కదిలిపోతుందని నాన్న భయం. "నొప్పెడితే ఎందుకు సెయ్యడం, మానీ" అంది అమ్మ. ఇది బద్ధకమా? కాదు, జాగ్రత్త. విరిగిన కాలు కదపకూడదనే మనకి తెలుసు. కదపకపోతే తొడ కండ సన్నబడుతుందని, మోకాలు బిగుస్తుందని విడమరిచి చెప్పినోళ్లు లేరు.

"మళ్లీ రండి" అన్నారు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. కాఫీ పళ్లు కోసే కాలంలో అమ్మ ఆ పని వదిలి ఎలా వస్తుంది? 2022లో పాడేరు కేంద్రంగా మనకి అల్లూరి జిల్లా వచ్చింది. కాలు ఎలా వంచాలో నేర్పే మనిషి మాత్రం మా ఊరి దరిదాపులకి రాలేదు.

ఇది ఏజెన్సీ వాళ్ల జబ్బని అనేవాళ్లకి ఒక మాట. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక చికిత్సని చెప్పినట్టు పాటించేది సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో రాసింది. రోగినే తప్పుపట్టడం సరికాదని కూడా చెప్పింది.

మరి మన తప్పు లేదా? ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినోడిని నేనొక్కడినే. పరీక్షలున్నాయని బస్సెక్కేశాను. "ఏటి రాసుందిరా ఇందులో?" అని అమ్మ ఫోన్‌లో అడిగితే "కాలు ఆడించమను" అని పెట్టేశాను.

అందుకే మనం అడగాల్సింది ఇది. ఇంటికి పంపే ముందు రోగి చేత, తోడున్నవాళ్ల చేత చేయించి చూడాలి. కువి వాళ్లకి కువిలో, ఆదివాసీ ఒడియా వాళ్లకి ఆ భాషలో చెప్పాలి. మన పీహెచ్‌సీలకి వారానికి ఒక్కరోజైనా ఫిజియోథెరపిస్టు రావాలి. అంతవరకు చదువుకున్న మనం ఊళ్లో ఒక్కో మనిషిని పట్టించుకోవాలి.

ఈసారి నేను పట్టుబట్టి అన్నీ చేయించి చూపించమన్నాను, ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నా. నాన్న కాలు నొక్కిపెట్టి పది లెక్కపెడతాడు, నేను వింటాను. ఎంత వంగుతుందో తెలీదు. కానీ "మీరింతే" అనే మాట ఇంకోసారి తలొంచుకుని వినను.

మీ ఊళ్లో ఇలా ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి. జోహార్.