పెర్సీకి వయసెందుకు పెంచారు?

పుస్తకం చదివి సినిమాకెళ్లినవాళ్లు పెదవి విరిస్తే, నచ్చిన సీను ఏదో తీసేశారని అలిగారనుకుంటాం. పెర్సీ జాక్సన్ విషయంలో గొడవ అంత చిన్నది కాదు. రిక్ రియోర్డన్ రాయగా 2005లో వెలువడిన 'ద లైట్నింగ్ థీఫ్'లో పెర్సీకి 12 ఏళ్లు. పదహారో ఏట అతను తీసుకునే ఓ నిర్ణయం మీదే లోకం నిలవడమో, కూలడమో ఉంటుందని జోస్యం. అయిదు పుస్తకాలూ ఆ గడువువైపే పరుగెడతాయి. 2010 సినిమాలో మాత్రం అతను వచ్చీరాగానే హైస్కూల్ కుర్రాడు. ఆ జోస్యం లేదు, అసలు విలన్ క్రోనోస్ లేడు. టీనేజీ టికెట్ల కోసమేనని ఊహించడం కష్టమేం కాదు. 2013 సీక్వెల్‌లో ఆ రెండిటినీ తెచ్చి అతికించారు. సిరీస్ అక్కడితో ఆగింది.

మొదటిది ఫ్లాపేమీ కాదు, ప్రపంచవ్యాప్తంగా 22 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. వయసు మారిస్తే కథ ముందుకెళ్లదని రియోర్డన్ ముందే నిర్మాతలకు రాశారు. ఆ ఉత్తరాలను తర్వాత ఆయనే బయటపెట్టారు. విచిత్రమేంటంటే, 11 ఏళ్ల పిల్లాడితో తొలి హ్యారీ పోటర్ తీసిన క్రిస్ కొలంబసే దీనికీ దర్శకుడు!

స్క్రిప్ట్ రైటింగ్, ఓటీటీ ఉద్యోగాలవైపు చూస్తున్నారా? ఆ ఉత్తరాలు చదవండి. ఏది కత్తిరించొచ్చో, ఏది ముట్టుకోకూడదో అక్కడ తెలుస్తుంది. 2023 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో మొదలైన సిరీస్ రూపకర్తల్లో రియోర్డన్ ఒకరు. అందులో పెర్సీకి మళ్లీ 12 ఏళ్లే.