బోరునీరు, సీకాయ, తలకట్టు

చిక్కబళ్లాపురమునకును బాగేపల్లికిని నడుమ రాజమార్గముపై నున్న పేరేసంద్ర ప్రాంతమున, ఏడాది పొడుగునను పారు నది లేక లోతైన బోరుబావుల నీటినే నమ్ముకొనిన మన తెలుగు స్త్రీలు తలవెండ్రుకలు బిరుసెక్కుచున్నవని వగచుటకు గల కారణములలో, ఆ కఠినజలమందలి లవణములు సబ్బుతో గూడి తెట్టెగా కేశములకు అంటుకొనుట యొకటియని యెంచి, ఈ సంచికను కేశసంరక్షణకు కేటాయించితిమి. సీకాయపొడి అట్టి తెట్టె కట్టదు. అవ్వలు దానిని విడువకుండుట మాకు మిక్కిలి సంతోషకరము. తుదిసారి కడుగుటకు వాననీరు పట్టియుంచుకొనిన మరియు మేలు. తడిసిన వెండ్రుక సాగి తెగును గనుక ఆరిన పిదపనే దువ్వవలెను. బడిపిల్లలకు జడ వదులుగ నల్లుడు. దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలుట సహజము. అంతకు మించి గుత్తులుగ రాలినచో, తైలములు మార్చుచు కాలము గడుపక, రక్తహీనత కారణమేమో వైద్యునిచే పరీక్ష చేయించుకొనుడు. రాగిముద్దతోడి ఆకుకూరను ఇంటివారికి వడ్డించి తాము మానుకొను తల్లులకు ఈ మాట ప్రత్యేకముగ విన్నవించుచున్నాము.