లెక్కల మాస్టరు హాస్యగీతములు

మూలకముల పట్టిక కంఠస్థము కాక మా విద్యార్థులు కొందఱు కంట నీరు పెట్టుకొనుట చూచి, ఉపాయ మేదేని దొరకునా యని వెదకుచుండగా మాకు టామ్ లేరర్ పాటలు తటస్థించినవి. ఇంతకాలము ఈయనను ఎఱుగక పోతిమే యని విచారించితిమి.

ఆయన 1928లో న్యూయార్కులో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున గణితము చదివి 18వ యేటనే పట్టభద్రుడయ్యెను. 1953లో ఏ రికార్డు కంపెనీ నాశ్రయింపక, 15 డాలర్ల అద్దెకు స్టూడియో తీసికొని, తానే పియానో వాయించుచు పాడి, ఆ పాటలను 400 రికార్డులుగా వేయించి విశ్వవిద్యాలయములోనే అమ్ముకొనెను. ఆ నోట ఈ నోట పేరు ప్రాకిన పిదప రికార్డులు తపాలాలో దూరదేశములకు సాగినవి. అవి అన్నియు పిల్లలకు తగినవి కావు. కొన్నిటిలో హాస్యము మిక్కిలి కటువుగా నుండును.

మమ్ము ముగ్ధులను జేసినది 1959 నాటి మూలకముల పాట. సల్లివన్ అను ఆంగ్ల సంగీతకర్త 1879లో ఒక నాటకమునకు కట్టిన వడిగల వరుసలో, నాటికి తెలిసిన 102 మూలకముల పేర్లను ఆయన ఇమిడ్చెను. కథ లేదు, వర్ణన లేదు, పేర్లే పాట! తరువాత మఱి 16 చేరి నేడు 118 అయినవి. మొదటి మాఱు వినినపుడు సగము పేర్లు చెవికందలేదు. మూడవ మాఱు పిల్లలు బల్లలపై దరువు వేయసాగిరి. పేర్లు ప్రాస కొఱకు కూర్చినవే గాని పరమాణు సంఖ్యల వరుసలో లేవు. కావున ఆ పాటతో పట్టిక రాదు. పట్టిక యనిన భయము మాత్రము పోయినది.

1965లో వెలువడిన మఱియొక పాటలో 342 నుండి 173 తీసివేయుటయే కథావస్తువు. శేషము 169. అదే లెక్కను ఎనిమిది మూలముగా గల సంఖ్యామానములో చేసినచో 147 వచ్చును. విద్యార్థులు స్వయముగా చేసి చూడవలెను. క్రొత్త గణిత విధానము నాటి అమెరికా తల్లిదండ్రులకు అంతుపట్టక పోవుటయే అందలి హాస్యము. మన యిండ్లలోను ఈ అవస్థ లేకపోలేదు.

“పాటలతో మార్కులు వచ్చునా?” అని ఒక తండ్రిగారు మమ్మడిగిరి. ఆ ప్రశ్న వెనుక వేఱొక ప్రశ్న గలదని మా యనుమానము: తెలుగు కథలకు, భజనలకు చాలును గాని శాస్త్రమునకు పనికివచ్చునా? వీధిలో ఒక భాష, ఇంట ఒక భాష, ఉద్యోగపు పరీక్షలో మూడవ భాషగా జీవించు మనకు ఈ సంశయము సహజమే. కాని దీనివలననే ఏటేట మా తరగతులలో బల్లలు ఖాళీ యగుచున్నవి. పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. లెక్కలు పద్యములో ఒదిగిన భాషలో మూలకములు పాటలో ఒదుగవా? బాలుడు ఏ భాషలో శాస్త్రముతో పరిహాసమాడగలడో, ఆ భాషలోనే అది వాని సొంతమైనదని మా నమ్మకము.

లేరర్ 2020లో తన సాహిత్యముపై, 2022లో తన పాటలన్నిటిపై హక్కులు వదలుకొనెను. ఎవరినీ అడుగకయే పాడవచ్చును, అనువదింపవచ్చును. ఆయన 2025 జూలై 26న తన 97వ యేట దివంగతుడయ్యెను. అయినను అనువాదము వలదని మా సలహా. ఆంగ్ల ప్రాస తెలుగులో నిలువదు. మనకు మన సరకు గలదు. గంధకము, తగరము, సీసము, పాదరసము తాత ముత్తాతల నాటి మాటలు. సోడియం, కాల్షియం, రేడియం అనునవి అంత్యప్రాసను వెంటబెట్టుకొనియే వచ్చినవి.

మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఇప్పటికి 31 మూలకములను కోలాటపు వరుసలో కూర్చినది. టంగ్‌స్టన్ వద్ద ఆగిపోయినది. ఆ మాటకు ప్రాస తోచినవారు వచ్చు సంచికకు ముందే మాకు తెలుపగోరుచున్నాము.